గుండెకు శ్రమ పరీక్ష

హైదరాబాదు నుండి బొంబాయి రోడ్డు మీద పడమరగా సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణిస్తే జహీరాబాదు పట్టణం వస్తుంది. ఒకప్పుడు మెదక్ జిల్లాలో ఉండిన ఈ పట్టణం 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో చేరింది. కర్ణాటక సరిహద్దుకు చేరువలోని ఈ ప్రాంతంలో చెరకు, అల్లం, ఆలుగడ్డ విరివిగా పండుతాయి. పక్కనే ఉన్న పస్తాపూరు కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో పని ప్రారంభించింది. జొన్న, సజ్జ, కొర్ర వంటి పాత పంటలను కాపాడుకొంటున్న ఇక్కడి మహిళా రైతుల పేరు ఆ సంస్థ ద్వారా దేశమంతటా వినబడింది. మరోవైపు అదే రోడ్డు మీద పగలూ రాత్రీ లారీలు నడుస్తాయి. వాహనాల కర్మాగారంలో షిఫ్టులు మారుతుంటాయి. అంగళ్ళలో వ్యాపారులు ఉదయం నుండి రాత్రి దాకా గల్లాపెట్టె ముందు కూర్చుంటారు. ఒళ్ళు వంచి పనిచేసేవారూ, కూర్చున్నచోటు నుండి కదలనివారూ ఒకే ఊరి చుట్టూ ఉన్నారు. గుండె జబ్బు గురించి ఆలోచించడానికి ఇటువంటి ఊరు ఎంతో అనుకూలమైనది.

గుండె జబ్బు పట్టణాలలోని సంపన్నులకు వచ్చేదనే అభిప్రాయం చాలాకాలం మన సమాజంలో ఉండేది. ఆ అభిప్రాయం తప్పని తెలుగు పల్లెలే నిరూపించాయి. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమం పేరుతో 2003-04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో ఒక పరిశీలన జరిగింది. మరణించిన ప్రతి వ్యక్తి కుటుంబాన్ని కలిసి, చివరి రోజులలో కనిపించిన లక్షణాలను అడిగి తెలుసుకొని, మరణ కారణాన్ని నిర్ణయించారు. మొత్తం మరణాలలో సుమారు 32 శాతం గుండెకు, రక్తనాళాలకు సంబంధించిన వ్యాధుల వల్లనే సంభవించినట్లు తేలింది. 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అనే అంతర్జాతీయ అధ్యయనం ఇంకొక సంగతిని వెల్లడించింది. ఇతర దేశాలలో మొదటి గుండెపోటు దాదాపు 59 ఏళ్ళకు వస్తుండగా, దక్షిణ ఆసియా వాసులకు అది 53 ఏళ్ళకే వస్తున్నది. ఆ ఆరేళ్ళ వ్యత్యాసం చిన్నది కాదు. పిల్లల చదువులు, ఆడపిల్ల పెళ్ళి, బ్యాంకు అప్పు ఇంకా తీరని వయస్సు అది.

కాబట్టి ఎవరి గుండె ప్రమాదంలో ఉన్నదో ముందుగా గుర్తించగలిగితే మేలని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకు వాడే పరీక్షలలో ఒకటి శ్రమ పరీక్ష. వైద్యులు దీనిని ట్రెడ్‌మిల్ టెస్టు అంటారు. వ్యవహారంలో అది టి.ఎం.టి. అయింది.

జహీరాబాదు మీదుగా సరుకు తోలే 52 ఏళ్ళ లారీ డ్రైవరును ఒకరిని ఊహించుకొందాం. బస్తాలు దింపేటపుడు, ఎత్తు ఎక్కేటపుడు అతని ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్లు ఉంటుంది. ఎడమ చెయ్యి గుంజుతుంది. రెండు నిమిషాలు కూర్చుంటే తగ్గిపోతుంది. "గ్యాసు పట్టింది" అనుకొని సోడా తాగుతాడు. ఒకనాడు భార్య బలవంతం మీద ఆసుపత్రికి వెళితే, బల్ల మీద పడుకోబెట్టి ఇ.సి.జి. తీస్తారు. గీతలన్నీ సవ్యంగానే ఉంటాయి. గుండె బాగుందని సంతోషించి అతడు మళ్ళీ లారీ ఎక్కుతాడు. ఇక్కడ యంత్రం అబద్ధం చెప్పలేదు. పడుకొని ఉన్న గుండెను అడిగితే పడుకొని ఉన్నప్పటి సంగతే చెప్పింది. అతని బాధ బస్తా మోసేటపుడు కలిగేది.

దీనిని అర్థం చేసికోవడానికి గుండె నిర్మాణంలోని ఒక విశేషం తెలియాలి. విశ్రాంతిగా ఉన్నపుడు గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. తీవ్రంగా శ్రమించేటపుడు ఆరోగ్యవంతుడైన యువకుని గుండె 20 లీటర్లను కూడా పంపగలదు. ఇంత రక్తాన్ని ఊరంతటికీ పంచే గుండె కండరానికి కూడా రక్తం కావాలి. దానిని తెచ్చేవి గుండె పైభాగాన కిరీటంలా అల్లుకొన్న ధమనులు. కాలి కండరానికి పని పెరిగితే, వచ్చిన రక్తంలో నుండే మరికొంత ప్రాణవాయువును అదనంగా పీల్చుకోగలదు. గుండె కండరానికి ఆ వెసులుబాటు లేదు. విశ్రాంతిలోనే అది తనకు వచ్చే రక్తం నుండి 70 శాతానికి పైగా ప్రాణవాయువును తీసివేసికొంటుంది. ఇంకా కావాలంటే రక్తమే ఎక్కువగా రావాలి. అదీ గుండె ముడుచుకొన్నపుడు కాక ప్రధానంగా విప్పారినపుడే ఆ ధమనులలో రక్తం పారుతుంది. గుండె వేగం పెరిగినకొద్దీ విప్పారే వ్యవధి తగ్గిపోతుంది. అంటే అవసరం హెచ్చిన సమయంలోనే గడువు తగ్గుతుందన్నమాట.

ధమని గోడలో కొవ్వు పేరుకొని దారి ఇరుకైనపుడు ఏమవుతుంది? చెరువు కింది కాలువలో పూడిక పడితే వానాకాలం పొలానికి లోటు తెలియదు. ఎండాకాలం నీటి అవసరం పెరిగినపుడు చివరి మడి ఎండిపోతుంది. ధమని వ్యాసం దాదాపు సగం మూసుకొనిపోయినపుడే గరిష్ఠ ప్రవాహం తగ్గడం మొదలవుతుంది. అయితే విశ్రాంతిలోని ప్రవాహం తగ్గాలంటే 85 శాతానికి మించి మూసుకొనిపోవాలి. ఈ రెండింటికీ నడుమ ఉన్నవాడు కూర్చున్నపుడు ఆరోగ్యవంతుడు, నడిచినపుడు రోగి. శ్రమ పరీక్ష వెదికేది ఇటువంటి వ్యక్తినే.

గుండెలోని విద్యుత్ స్పందనలను నమోదు చేసే సాధనాన్ని రూపొందించిన డచ్చి శాస్త్రవేత్త విలియం ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి లభించింది. 1929లో అమెరికా వైద్యుడు ఆర్థర్ మాస్టర్ తన సహచరునితో కలిసి ఒక తేలికైన పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఒక్కొక్కటి 9 అంగుళాల ఎత్తున్న రెండు మెట్లను రోగి ఎక్కి దిగాలి. ఎన్నిసార్లన్నది అతని వయస్సును, బరువును బట్టి నిర్ణయిస్తారు. ఆరంభంలో నాడిని, రక్తపోటును మాత్రమే చూసేవారు. తరువాత దానికి ఇ.సి.జి. తోడయింది. మెట్ల పరీక్షలోని లోపం ఏమిటంటే, బలహీనునికి అది ఎక్కువ, బలవంతునికి తక్కువ. ఈ లోపాన్ని సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ వైద్యుడు రాబర్ట్ బ్రూస్ సరిచేశాడు. కదిలే పట్టా మీద రోగిని నడిపిస్తూ, వేగాన్నీ వాలునూ అంచెలంచెలుగా పెంచే పద్ధతిని ఆయన 1963లో ప్రకటించాడు. నేటికీ మన ఆసుపత్రులలో ఎక్కువగా అనుసరించేది ఆ పద్ధతినే.

దాని ప్రకారం ఒక్కొక్క అంచె 3 నిమిషాలు. మొదటి అంచెలో వేగం గంటకు 2.7 కిలోమీటర్లు, వాలు 10 శాతం. అంటే నూరు అడుగులు నడిస్తే పది అడుగుల ఎత్తు ఎక్కినట్లు. రెండవ అంచెలో వేగం 4 కిలోమీటర్లు, వాలు 12 శాతం. మూడవదానిలో ఐదున్నర కిలోమీటర్లు, 14 శాతం. నాలుగవ అంచెకు వచ్చేసరికి చాలామంది నడక వదలి పరుగెత్తవలసి వస్తుంది. ఛాతీ మీద అతికించిన తీగల ద్వారా ఇ.సి.జి. నిరంతరం కనబడుతూ ఉంటుంది. ప్రతి అంచెలోనూ రక్తపోటు కొలుస్తారు. 220 నుండి వయస్సును తీసివేసి, మిగిలినదానిలో 85 శాతానికి గుండె వేగం చేరాలని సాధారణంగా ఆశిస్తారు. మన డ్రైవరుకు 52 ఏళ్ళు కనుక అది నిమిషానికి సుమారు 143. పరీక్షకు రెండు మూడు గంటల ముందు నుండి భోజనం, కాఫీ, టీ, పొగ మానాలి. గుండె వేగాన్ని తగ్గించే మందులు వాడుతున్నవారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి. తమంతట తాము మందు మానడం ప్రమాదకరం.

ఇ.సి.జి.లోని ఎస్.టి. అనే భాగం ఒక మిల్లీమీటరు లేక అంతకు మించి, సమంగా గాని కిందికి వాలుతూ గాని దిగితే రక్తం చాలడం లేదని అనుమానిస్తారు. ఛాతీ నొప్పి రావడం, శ్రమతో పాటు పెరగవలసిన పై రక్తపోటు పెరగకపోగా పడిపోవడం, గుండె లయ తప్పడం ఇతర సూచనలు. దిగిన తరువాత కూడా కొన్ని నిమిషాలు గమనిస్తారు. మొదటి నిమిషంలో గుండె వేగం 12 సార్లకు మించి తగ్గకపోతే అదీ మంచి లక్షణం కాదు. ఈ పరీక్షలో ప్రాణాపాయం ఉన్నదా అని రోగి అడగడం సహజం. 1971లో అమెరికాలో సుమారు 1,70,000 పరీక్షల వివరాలను సేకరించినపుడు 10,000 పరీక్షలకు ఒక మరణం కనిపించింది. అపాయం చాలా స్వల్పమే అయినా, పరీక్ష గదిలో గుండెకు విద్యుత్ ఘాతమిచ్చే సాధనం ఎందుకు ఉండాలో ఈ లెక్కను బట్టి తెలుస్తుంది.

అంతా పూర్తయిన తరువాత చేతికి వచ్చే కాగితం మీద పాజిటివ్ అనో నెగిటివ్ అనో ఒక మాట ఉంటుంది. మన ప్రజలు, ఒక్కొక్కసారి వైద్యులు కూడా, ఆ ఒక్క మాటనే చూస్తారు. నిజానికి ఆ కాగితంలో అంతకంటె విలువైనది ఎన్ని నిమిషాలు నడిచాడన్న అంకె. డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యులు 1987లో ఒక సులభమైన లెక్కను సూచించారు. నడిచిన నిమిషాల నుండి, ఎస్.టి. భాగం దిగిన మిల్లీమీటర్లకు ఐదు రెట్లు తీసివేయాలి. నొప్పి వస్తే 4, నొప్పి వల్ల పరీక్షను ఆపవలసి వస్తే 8 మరల తీసివేయాలి. మన డ్రైవరు 4 నిమిషాలు నడిచి, 2 మిల్లీమీటర్ల మార్పుతో, నొప్పి భరించలేక దిగిపోయాడనుకొందాం. నాలుగులో పది, ఎనిమిది పోగా మైనస్ 14 వస్తుంది. మైనస్ 11 లేక అంతకు తక్కువ అయితే అపాయం ఎక్కువ. ప్లస్ 5 లేక అంతకు మించితే తక్కువ. 1991లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, తక్కువ అపాయం గల బృందంలో నాలుగేళ్ళ తరువాత నూటికి 99 మంది జీవించి ఉన్నారు. ఎక్కువ అపాయం గల బృందంలో 79 మందే. మన డ్రైవరు ఇక ఆలస్యం చేయక యాంజియోగ్రాం చేయించుకోవాలి.

ఇంతవరకు చదివిన వారికి, ఇంత మంచి పరీక్షను ఊరందరికీ చేయిస్తే సరిపోతుంది గదా అనిపించవచ్చు. పెద్ద ఆసుపత్రుల ఆరోగ్య ప్యాకేజీల ప్రకటనలు కూడా ఈ ఆలోచన మీదనే ఆధారపడతాయి. ఇక్కడ కొంచెం లెక్క చేయక తప్పదు.

శ్రమ పరీక్షపై జరిగిన 147 అధ్యయనాలను 1989లో ఒకచోట చేర్చి చూడగా, జబ్బు ఉన్న నూరుగురిలో 68 మందిని పరీక్ష పట్టుకొంటున్నదని, జబ్బు లేని నూరుగురిలో 77 మందిని మాత్రమే సరిగా వదులుతున్నదని తేలింది. ఇపుడు ఏ బాధా లేని 1000 మంది యువకులను పరీక్షించామనుకొందాం. వారిలో 20 మందికి నిజంగా జబ్బు ఉన్నదనుకొందాం. పరీక్ష 14 మందిని పట్టుకొంటుంది. మిగిలిన 980 మంది ఆరోగ్యవంతులలో 225 మందికి కూడా పాజిటివ్ అని వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన 239 మందిలో నిజమైన రోగులు 14 మందే. తక్కిన 225 మంది భయపడి, అప్పు చేసి, హైదరాబాదుకు వెళ్ళి, అవసరం లేని యాంజియోగ్రాం చేయించుకోవలసి వస్తుంది. ఎకరం చెరకు మీద వచ్చే ఆదాయం ఎంతో తెలిసిన కుటుంబానికి ఆ ఖర్చు విలువ చెప్పనక్కరలేదు. అందువల్లనే లక్షణాలు లేని, అపాయం తక్కువగా ఉన్న పెద్దలకు ముందుజాగ్రత్త పేరుతో ఈ పరీక్ష చేయరాదని అమెరికా నివారణ వైద్య నిపుణుల సంఘం 2012లోనూ, మళ్ళీ 2018లోనూ సలహా ఇచ్చింది.

రెండవ చివర కూడా చూద్దాం. మన డ్రైవరు వంటి వారు, అనగా పొగ తాగే అలవాటు ఉండి, శ్రమించినపుడు నొప్పి వచ్చి విశ్రాంతితో తగ్గే వారు 1000 మంది ఉన్నారనుకొందాం. వారిలో 800 మందికి జబ్బు ఉన్నదనుకొంటే పరీక్ష 544 మందిని పట్టుకొని 256 మందిని వదలివేస్తుంది. ఆరోగ్యవంతులలో 154 మందికి నెగిటివ్ వస్తుంది. అంటే నెగిటివ్ కాగితం చేతిలో ఉన్న 410 మందిలో 256 మంది రోగులే. అటువంటి మనిషికి "నీకేమీ లేదు" అని చెప్పి పంపడం ఎంత అన్యాయమో చూడండి. ఇక మధ్యస్థులు, అనగా నూటికి 30 మందికి జబ్బు ఉండే బృందం. వారిలో పాజిటివ్ వస్తే అనుమానం 56 శాతానికి పెరుగుతుంది. నెగిటివ్ వస్తే 15 శాతానికి దిగుతుంది. వైద్యుని నిర్ణయం మారేది, పరీక్ష అక్కరకు వచ్చేది ఇక్కడే. ఒకే యంత్రం, ఒకే గీత, ముగ్గురికి మూడు అర్థాలనిస్తున్నది. ఆ అర్థాన్ని నిర్ణయించేది రోగి తన బాధను చెప్పుకొన్న తీరు, వయస్సు, పొగ, మధుమేహం, రక్తపోటు, కుటుంబ చరిత్ర. వైద్యుడు పది నిమిషాలు కూర్చోబెట్టి అడగని ప్రశ్నలకు బదులుగా ఏ యంత్రమూ జవాబు చెప్పలేదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. గుండెపోటు తరచుగా దారిని సగం కూడా మూయని కొవ్వు పొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టడం వల్ల వస్తుంది. అటువంటి పొర శ్రమలో ప్రవాహాన్ని అడ్డుకోదు, పరీక్షకు అందదు. సోమవారం పరీక్షలో నెగ్గినవాడు శుక్రవారం గుండెపోటుకు గురికావడం అసాధ్యమేమీ కాదు. నెగ్గిన ఆనందంతో బీడీ వెలిగించేవారు ఈ సంగతిని గుర్తించాలి.

స్త్రీల విషయంలో తప్పుడు పాజిటివ్‌లు మరింత ఎక్కువ. అలాగని వారి బాధను తేలికగా తీసికొనరాదు. ఛాతీ నొప్పికి బదులు ఆయాసం, దవడ లాగడం, అంతులేని నీరసం వారిలో ప్రధాన లక్షణాలు కావచ్చు. చాలాకాలంగా మధుమేహం ఉన్నవారిలో నరాలు దెబ్బతిని నొప్పే తెలియకపోవచ్చు. అరవై ఏళ్ళ రైతు మహిళకు చేను గట్టు ఎక్కేటపుడు మునుపు లేని ఆయాసం వస్తే అది వయస్సు వల్లనే అని సరిపెట్టుకోవడం తగదు. మోకాళ్ళ నొప్పుల వల్ల పట్టా మీద నడవలేనివారికి మందు ద్వారా గుండె వేగాన్ని పెంచి ఎకో పరీక్ష చేసే పద్ధతి ఉంది. బ్రిటన్ వంటి దేశాలలో ఛాతీ నొప్పికి మొదటగా ధమనులను సి.టి. యంత్రంతో చూడాలని 2016 నుండి నియమం వచ్చింది. శ్రమ పరీక్ష ఖర్చు తక్కువ, పరికరాలు చిన్నవి, రోగి శక్తిని అది కొలిచినట్లు సి.టి. కొలవలేదు. కనుక మన వంటి చోట్ల దాని అవసరం ఇంకా ఉంది.

శక్తి అన్నాము గనుక దానిని కొలిచే ప్రమాణాన్ని కూడా తెలుసుకోవాలి. నిశ్చలంగా కూర్చున్నపుడు శరీరం వాడే ప్రాణవాయువు పరిమాణాన్ని ఒక మెట్ అంటారు. బ్రూస్ పద్ధతిలో మొదటి అంచె పూర్తిచేసినవాని శక్తి సుమారు 5 మెట్‌లు, రెండవదానికి 7, మూడవదానికి 10. 2002లో 6,213 మంది పురుషులపై అమెరికాలో జరిగిన అధ్యయనంలో, ఒక్కొక్క మెట్ పెరిగినకొద్దీ బ్రతికే అవకాశం 12 శాతం మెరుగుపడినట్లు తేలింది. శ్రమకూ గుండెకూ గల ఈ సంబంధాన్ని అంతకు ముందే, 1953లో, జెరీ మోరిస్ లండన్ రెండంతస్తుల బస్సులలో గమనించాడు. రోజంతా మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకంటె చక్రం ముందు కూర్చునే డ్రైవర్లకు గుండె జబ్బు ఎక్కువగా వస్తున్నట్లు ఆయన చూపాడు. బొంబాయి రోడ్డు మీది డ్రైవర్లు ఆ లండన్ డ్రైవర్లకు బంధువులే.

ఈ పరీక్షకు కాలమూ సమయమూ ఉన్నాయి. విశ్రాంతిలో కూడా తగ్గని ఛాతీ నొప్పి, చెమటలు, వాంతి వచ్చినపుడు ట్రెడ్‌మిల్ ఎక్కించడం ప్రమాదకరం. అపుడు చేయవలసినది వెంటనే 108కి ఫోను చేయడం, దగ్గరి ఆసుపత్రిలో ఇ.సి.జి. తీయించడం. 2005లో హైదరాబాదులో ఆరంభమైన ఈ అంబులెన్సు సేవ రాష్ట్రమంతటా విస్తరించింది. గుండెపోటు వచ్చిన మొదటి రెండు రోజులలోను, గుండె కవాటం బాగా ఇరుకైనవారికి, గుండె వైఫల్యం అదుపులో లేనివారికి ఈ పరీక్ష చేయరు.

అయితే చికిత్స జరిగి, రోగి కోలుకొన్న తరువాత అదే పరీక్ష మరొక ప్రయోజనానికి తిరిగి వస్తుంది. స్టెంటు వేయించుకొన్న రైతు మొదట అడిగే ప్రశ్న, "నేను మళ్ళీ పొలం పని చేయవచ్చునా?" అన్నదే. "బరువు ఎత్తవద్దు, విశ్రాంతి తీసికో" అని అందరికీ ఒకే సలహా ఇస్తే ఆ కుటుంబం కూలి పోగొట్టుకొంటుంది. ఏ సలహా ఇవ్వకపోతే ప్రాణం పోవచ్చు. పరీక్షలో అతడు బాధ లేకుండా ఎన్ని మెట్‌ల దాకా వెళ్ళాడో చూసి వైద్యుడు నిర్ణయిస్తాడు. నెమ్మదిగా నడవడానికి సుమారు 3 మెట్‌లు చాలు. చెరకు నరకడం, మూటలు మోయడం వంటి పనులకు అంతకు రెట్టింపు కావచ్చు. ఎనిమిది గంటల పనిదినంలో సగటు శ్రమ, పరీక్షలో అందుకొన్న గరిష్ఠ శక్తిలో సగానికి మించకుండా ఉండాలన్నది సాధారణంగా పాటించే లెక్క. చల్లని గదిలో నడిచినవాడు వేసవి ఎండలో మూట ఎత్తేటపుడు గుండెపై పడే భారం మరింత అధికం కనుక ఆ లెక్కలో కొంత మినహాయించుకోవాలి. 7 మెట్‌లు అందుకొన్న రైతు నీరు పెట్టడం, కలుపు చూడడం, బండి తోలడం వంటి పనులకు ముందుగా వెళ్ళి, నెలల తరబడి నడక సాగించి, మరల పరీక్ష చేయించుకొన్న తరువాతనే కొడవలి పట్టవలసి ఉంటుంది.